విత్తనపు బీరకాయ, దొరసాని గొడుగు

"ఒసేయ్, ఆ పందిరి చివరి కాయ కొయ్యకు. విత్తనానికి ముదరనీ. నీ చెయ్యి అసలే ఊరుకోదు."

"సర్లెండి, కొయ్యను. ముందు మజ్జిగ తాగండి."

మా ఆయనా నేనూ ఆడుకున్న ఆఖరి మాటలివే. దేవుడి గురించి కాదు, పిల్లల గురించీ కాదు, బీరకాయ గురించి. తెల్లారేసరికి ఆయన లేరు. అమెరికాలో, కమ్మింగ్ అనే ఊళ్ళో మా కొడుకు ఇంటి వెనక ఆయన పెట్టిన బీరపాదూ నేనూ మిగిలాం.

మాటైతే ఇచ్చాను. కానీ లేత కాయ కళ్ళెదుట వేలాడుతుంటే వదిలెయ్యడం నా వల్ల అయ్యే పనా? పుట్టి బుద్ధెరిగాక ఏ కాయనూ ఊరికే చూసిన పాపాన పోలేదు. చూడటం, తుంచడం, పచ్చడి చెయ్యడం నాకు ఒకటే పని.

దిగులు పెట్టుకుంటానని కోడలు నన్ను లైబ్రరీలో బొమ్మల క్లాసుకి తీసుకెళ్ళింది. టీచరు గోడ మీద పాత బొమ్మొకటి చూపించింది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు దొరసానట. పట్టు గౌను పరుచుకుని పండ్ల చెట్టు ముందు కూర్చుని దాన్నే గీస్తోంది. వెనక పనిపిల్ల గొడుగు పట్టుకు నిలబడింది.

"ఆ పిల్ల కూడా గీసేదా, అడుగు."

కోడలు ఇంగ్లీషులో అడిగింది. "లేదట అత్తయ్యా. ఆ తీరిక గొప్పింటి వాళ్ళకే ఉండేదట."

"మరి ఆ పండ్లు?"

"దొరసాని కొయ్యదుగా. చూస్తుందంతే."

అదీ ఉపాయం! చేతిలో పెన్సిలుంటే తుంచడానికి చెయ్యి ఖాళీ ఉండదు. మర్నాడే పాదు ముందు కుర్చీ వేయించుకుని, కోడలి చేత గొడుగు పట్టించాను. పెద్ద చదువూ పెద్ద ఉద్యోగమూ దానివి. తీరిక మాత్రం సంతకం తప్ప రాని నాది. దొరసానిని నేనే మరి. పాపం, చెవిలో ఆఫీస్ మీటింగ్ పెట్టుకునే నిలబడింది.

"అత్తయ్యా, నెక్స్ట్ నేనే ప్రెజెంట్ చేయాలి. ఇంకా ఎంతసేపు?"

"గొడుగు ఇటు వంచు."

"ఇది కాయా, కొండచిలువా?"

"దొరసానుల్ని అలా అడుగుతారటే?"

వీలైనప్పుడల్లా గీశాను. ఒక్కోసారి వేళ్ళు కాయ దాకా పోయేవి. "దొరసానిగారూ!" అని వెనక నుంచి కేక. ఆఫీసు వాళ్ళు కూడా విన్నారట.

మంచు పడకముందే కాయ ఎండి గలగలమంది. ఊపితే లోపల గింజలు. బొమ్మ మాత్రం ఇప్పటికీ కొండచిలువే, ఫ్రిజ్ మీద ఉంది.

నేను చెబుతుంటే ఇదంతా రాసింది ఆ గొడుగు పిల్లే. ఏదీ, మొదట్నుంచి చదువమ్మా. ఆయనతో "కొయ్యను" అన్నాను చూడు, అది కాగితం మీద పడిందో లేదో వింటాను.