హెలికాప్టర్ చూపించిన బోరు

గోరంట్ల వైపు గుట్టల మీద ఒక హెలికాప్టర్ అడుగున పెద్ద చట్రం వేలాడేసుకుని, చేను దున్నినట్టు అటూ ఇటూ తిరుగుతున్న వీడియో ఫోనులో చూసినప్పుడు నా రక్తం మరిగిపోయింది. అది యురేనియం సర్వే. పైనుంచి రాళ్ల తీరు చూసుకుంటారు, తర్వాత మనుషులు దిగి సుత్తితో రాళ్లు కొట్టి సంచుల్లో పట్టుకెళ్తారు. గని తవ్విన చోట నీళ్లేమవుతాయో, నేలేమవుతుందో నేను చదివిన కరపత్రాలన్నింటిలో ఉంది. అక్కడి జనానికి ఎవరూ చెప్పరు, నేనే చెప్పాలి అనుకుని బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు హిందూపురంలో ఎక్కిన పల్లెవెలుగు ఏడున్నర దాటాక గోరంట్లలో దించింది. టికెట్టు యాభై లోపే. స్టాండు పక్కన ఉగ్గాని, బజ్జీ తిని, రెండు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. ఊరి పేరు రాయను, పదకొండు కిలోమీటర్లు. డ్రైవర్ బాషా దారంతా నన్ను ఆటపట్టించాడు. ఎండలో రాళ్లు చూడ్డానికి దుడ్లు ఖర్చుపెట్టుకొచ్చిన మొదటి మనిషిని నేనేనట. అది నీళ్ల సర్వే అని తేల్చేశాడు. కాదన్నాను.

"మరేందికి? ఈ గుండ్లల్లో నీళ్లు కాక ఇంకేముండాదన్నా వెతకను?"

సర్వేకు వచ్చినవాళ్లు బోర్ల దగ్గర సీసాల్లో నీళ్లు కూడా పట్టుకుపోయారట. యురేనియం జాడ నీళ్లలోనూ చూస్తారని నేను చెప్పేలోపే ఊరొచ్చింది.

ఊరి బయటే బోరు బండి మోత. నరసింహప్ప అనే రైతు చేలో ఒక గుండురాయి మీద ఎర్ర రంగుతో అంకె వేసి ఉంది. సర్వేవాళ్లు రాయి ముక్క కొట్టుకున్న చోట పెట్టుకున్న గుర్తు అది. దాని పక్కనే, తెల్లవారుజాము నుంచి బోరు దిగుతోంది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చూసే ఆయన్ని కూడా పిలిపించారట. గుర్తు దగ్గరికి రాగానే టెంకాయ నిలబడిందట. హెలికాప్టరూ టెంకాయా ఒకే చోటు చూపిస్తే ఇక అనుమానం ఎవరికుంటుంది?

నరసింహప్పకు ఎకరం మల్బరీ తోట. పాత బోరు పోయిన నెల ఎండిపోయింది. షెడ్డులో పట్టుపురుగులు ఇంకో వారంలో గూళ్లు కట్టాలి. తోటలో ఆకు వడలిపోతోంది, ఒక తడి పడితే నిలుస్తుంది. ఈ బోరులో నీళ్లు పడకపోతే పురుగులు చస్తాయి.

నేను నేరుగా వెళ్లి బండి ఆపమని అరిచాను. ఆ గుర్తు నీళ్లది కాదన్నాను. నరసింహప్ప నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

"ఏమప్పా, నన్నూరడుగులు దిగినాక చెప్తాండావు. నిన్న యాడ ఉంటివి?"

బండివాళ్లు నవ్వారు. బాషా నన్ను పక్కకు లాగాడు. బండి ఆగలేదు.

ఏడు వందల అడుగులకు తెల్లటి దుమ్ము. ఇంకో యాభై వేయమన్నాడు నరసింహప్ప. అందులోనూ దుమ్మే. పన్నెండున్నరకు కడ్డీలు పైకి తీసేశారు. ఆయన భార్య ఓబులమ్మ పక్క తోటల్లో ఆకు అడగడానికి సంచి తీసుకుని వెళ్లింది, గంట తర్వాత ఉత్త సంచితో వచ్చింది. షెడ్డులోకి తొంగి చూశాను. తట్టల నిండా పురుగులు, మేత లేక తలలెత్తి వెతుక్కుంటున్నాయి.

అప్పుడైనా ఊరుకోవలసింది. ఊరుకోలేదు. గట్టు మీద వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. గని వస్తే భూమి పోతుందన్నాను, నీళ్లు విషమవుతాయన్నాను. బాగా చెబుతున్నాననే అనుకున్నాను. నరసింహప్ప చివరిదాకా విన్నాడు.

"నీళ్లు చెడిపోతాయంటివి. యా నీళ్లప్పా?"

ఓబులమ్మ మాత్రం ఆ రాయి నిజంగా తమ చేలో ఉందా, సర్వేవాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారు, భూమికి ఏమైనా ఇస్తారా అని వరసగా అడిగింది. సర్వే అయినంత మాత్రాన గని రాదని, చాలాచోట్ల ఏమీ దొరకదని చెప్పాను. బోరులో దుమ్ము చూసినప్పుడు కూడా ఆమె ముఖం అంతగా వాడిపోలేదు. నరసింహప్ప లేచి, దుమ్ము కప్పేసిన గుండు దగ్గరికి వెళ్లి, ఎర్ర అంకె బయటపడేదాకా తువ్వాలుతో తుడిచాడు.

"తిరిగొస్తే కనపడాల గదా" అన్నాడు.

గని వద్దనే మాట నేను ఇప్పటికీ అంటాను. కానీ ఆ చేలో గని రావాలన్న ఆశ పుట్టించి వచ్చింది నేనే. నీళ్లను కాపాడుకోమని చదివాను, చదివిందే చెప్పాను. కాపాడుకోవడానికి చుక్క లేనివాడితో ఏం మాట్లాడాలో నాకు ఎవరూ రాసివ్వలేదు, నేనూ ఆలోచించలేదు. తిరుగు బస్సులో కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆ పురుగులు ఈపాటికి చచ్చిపోయి ఉంటాయి.

వెళ్లేవాళ్లకు ఒక్కటే మాట. తాగే నీళ్లు గోరంట్లలోనే కొని, రోజుకు సరిపడా పట్టుకెళ్లండి. ఆ ఊళ్లో ఎవరినీ అడగకండి. అడిగితే ఇస్తారు.