ఆయన చూపిన చోటు

మా ఆయనను నొప్పి ఎక్కడని అడిగితే ఒక్క వేలు పెట్టి చూపించేవాడు. రొమ్ము ఎముక అయిపోయిన చోట చిన్న గుంట ఉంటుంది కదా, సరిగ్గా అక్కడ. తిన్న కాసేపటికి మంట పుట్టేది. ఆ మంట వీపులోకి పొడుచుకుని పోయేది. నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. ఈ నొప్పి సంగతి మాత్రం రాత లేకపోయినా నాకు కంఠతా వచ్చు.

మాకు తిరుపతి బస్టాండు వెనక ఇడ్లీ బండి ఉంది. ఇప్పుడు నేనొక్కదాన్నే నడుపుతున్నాను. అప్పుడు ఆయన పెనం దగ్గర నిలబడి, ఎడమచేయి ఆ గుంట మీద అదిమిపెట్టుకుని, కుడిచేత్తో దోసె తిప్పేవాడు. చూసినవాళ్ళు చొక్కా జేబు తడుముకుంటున్నాడని అనుకునేవాళ్ళు.

"ఏమే, రవ్వంత సోడా తెచ్చియ్యి," అనేవాడు.

"తాగి తాగి నువ్వే సోడాబుడ్డి అయిపోతావు."

"అప్పుడు నన్నే అమ్ముకో. నీ ఇడ్లీల కంటే బాగా పోతా."

గ్యాస్ అన్నారు. మా వీధి డాక్టరు అన్నాడు, మందులంగడి అతనూ అన్నాడు. స్కానింగ్ తీసిన చోట కూడా ఏమీ లేదు, టెన్షన్ పడకయ్యా అని పంపేశారు. మేమూ నమ్మి ఇంటికొచ్చి ఇంగువ నీళ్ళు కలుపుకున్నాము. అసలు జబ్బు బయటపడేసరికి ఆయన నడుముకు లుంగీ నిలిచేది కాదు. కడుపులో గడ్డ, బాగా ముదిరిపోయిందని చెప్పారు.

నాకు చేతనైనది మొక్కు ఒకటే. తలకు పోసుకుని, తడిచీరతో గంగమ్మ గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టాను. ఆయన కడుపులో ఉండేది నా కడుపులోకి మార్చు తల్లీ, అని మొక్కుకున్నాను. మా పక్క ఆడవాళ్ళు ఇట్లా మొక్కుకుంటారు. బిడ్డ జ్వరం తనకు రమ్మంటారు, మొగుడి కాలినొప్పి తనకు రమ్మంటారు. నిజంగానే వచ్చిందని చెప్పేవాళ్ళూ ఉన్నారు. నేను నమ్మే పొర్లాను. మోచేతులు దోక్కుపోయాయి.

ఆయన దక్కలేదు.

పెద్దకర్మ అయిపోయి, చుట్టాలంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయాక, ఒకరోజు కంచం ముందర కూర్చుంటే నాకు కడుపులో నొప్పి పుట్టింది. చేతిలో ముద్ద కంచంలో వేసేసి గోడకు ఆనుకున్నాను. అప్పుడు నాకు భయం వేయలేదు. మొక్కు ఆలస్యంగా ముట్టింది అనుకున్నాను. ఆయనను ఇవ్వకపోయినా, ఆయన నొప్పినైనా నాకు ఇచ్చింది కదా అనుకున్నాను. దాన్ని ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నాను.

భయం తర్వాత వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఒకటికి రెండు ఎక్కువ పడుతున్నాయని కూతురు కనిపెట్టింది. "ఎందుకమ్మా ఇంత సన్నబడినావు?" అంది. పిల్ల కాలేజీలో చదువుతోంది. నాయన పోయిన పిల్ల. నేను కూడా అదే జబ్బుతో పోతే దీనికి ఎవరున్నారు అని అప్పుడు అనిపించింది.

మా వదిన, అంటే ఆయన అక్క, పలమనేరులో ఆవులను పెట్టుకుని ఉంది. సంగతి విని నన్ను వాళ్ళ ఊరికి పిలిపించుకుంది. నీకు బొడ్డు జారిందని, దాన్ని సర్దే ముసలమ్మ దగ్గరికి తీసుకుపోయింది. వెల్లకిలా పండబెట్టి, బొడ్డు మీద దీపం పెట్టి, దాని మీద చెంబు బోర్లించారు. దీపం ఆరగానే చెంబు కడుపు చర్మాన్ని పట్టుకుని పైకి లాగింది.

"కదలొద్దు మే," అంది వదిన, నా కాళ్ళు పట్టుకుని. "ఈనే ఆవు గూడా ఇంత తన్నదు."

నవ్వు వచ్చింది. మళ్ళీ అన్నం దగ్గర కూర్చుంటే నొప్పీ వచ్చింది.

తర్వాత డాక్టర్ల దగ్గరికి తిరిగాము. చిత్తూరులో చూపించాము, తిరుపతిలో చూపించాము. ఎక్కడికి పోయినా నేను ఒకటే చెప్పేదాన్ని. గుంటలో వేలు పెట్టి, "ఈడ సారూ. తింటే మంట. ఈపులోకి పొడస్తాది," అనేదాన్ని. రక్తం చూశారు, స్కానింగ్ తీశారు. ఏమీ లేదమ్మా, టెన్షన్, అనేవాళ్ళు. ఆ మాట వింటే ఇంకొకరికి ప్రాణం లేచొస్తుందేమో, నేను మాత్రం బెదిరిపోయేదాన్ని. మా ఆయనను ఇంటికి పంపింది కూడా ఆ మాటతోనే. రిపోర్టు బాగుంటే బాగున్న కొద్దీ నాకు దిగులు పెరిగేది.

చివరకు కూతురు పట్టుబట్టి ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆమె గొంతులోంచి గొట్టం వేసి కడుపు లోపల చూసింది. తర్వాత మమ్మల్ని గదిలో కూర్చోబెట్టి, "లోపల శుభ్రంగా ఉందమ్మా, పుండు లేదు, గడ్డ లేదు," అంది.

"మా ఆయనకూ ఇట్లే సెప్పినారు మేడం," అన్నాను. గట్టిగానే అన్నాను.

"ఆయనకు మొదట్లో గొట్టం వేసి చూశారా?"

"లేదు మేడం," అంది కూతురు. "బాగా ముదిరిపోయినాక సూసినారు."

డాక్టరమ్మ నన్ను బల్ల మీద పండుకోమని, నేను చూపించిన గుంటలో వేళ్ళు పెట్టి నొక్కింది. నొప్పి లేదు. ఇంకా గట్టిగా నొక్కింది. లేదు. చేయి మెల్లగా కిందికి జరుపుకుంటూ వచ్చి బొడ్డుకు ఎడమపక్కన నొక్కేసరికి నేను ఆమె మణికట్టు పట్టేసుకున్నాను.

"ఇక్కడా?"

"ఆ."

"మంటగా ఉంటుందా?"

ఆలోచించాను. ఎప్పుడూ మంట లేదు. "మెలిపెడతాది మేడం. తడిగుడ్డ పిండినట్టు."

"వీపులోకి పోతుందా?"

"పోదు."

"మరి ఇందాక పైన చూపించారు. మంట అన్నారు, వీపు అన్నారు. అదంతా మీకు ఎవరు చెప్పారు?"

నేను కూతురి వైపు చూశాను. జవాబు అదే చెప్పింది. "అది మా నాయన నొప్పి మేడం." చెప్పి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

మొక్కు సంగతి అప్పుడు చెప్పాను. ఆమె నవ్వలేదు, కసురుకోలేదు. నీ నొప్పి అబద్ధం కాదమ్మా అంది. మనసులో బాధ ఆగకుండా ఉంటే కొందరికి పేగులు ఇట్లా బిగుసుకుంటాయంట. ఇంతకు ముందు డాక్టర్లకు నువ్వు చెప్పింది వేరే మనిషి నొప్పి కాబట్టి, వాళ్ళు దానికే వెతికారు అంది. మాత్రలు రాసింది. ఒంటరిగా కూర్చుని తినొద్దంది. పక్కగదిలో మనసు బాధలు వినే ఒకామె ఉంటుంది, అప్పుడప్పుడూ వచ్చి ఆమెతో మాట్లాడిపో అంది.

బయట బెంచీ మీద కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. వదిన ఫోన్ చేసింది. కూతురు సంగతంతా చెప్పి ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది.

"ఏమీ లేదంటే సంతోషపడాల గదా మే. ఏడస్తావేంది?"

"ఆయన నొప్పి నాకు రవ్వంత కూడా రాలేదొదినా. అంతా ఆయనొక్కడే పడినాడు."

అటుపక్క ఆవుల మెడగంటలు వినిపించాయి.

"నువ్వడిగినా ఇచ్చేవాడు గాదులే," అంది వదిన. "సిన్నప్పుడు వానికి జొరమొస్తే నన్ను పక్కన పండుకోనిచ్చేవాడు గాదు. ఎడంగా పోక్కా, నీకంటుకుంటాది అని."

నొప్పి పూర్తిగా పోలేదు. ఆ పక్కగది ఆమెతో మాట్లాడి వచ్చిన రోజు రెండు ముద్దలు ఎక్కువ దిగుతాయి. కొన్ని రోజులు ఏమీ దిగదు. నా కూతురు కాలేజీ నుంచి వచ్చేదాకా ఆగి, దానికి ఎదురుగా కూర్చుని తింటాను. "ఈపొద్దు యాడమ్మా?" అని అడుగుతుంది. బొడ్డు పక్కన అరచేయి పెట్టి చూపిస్తాను.

మాత్ర నాలుక మీద పెట్టుకున్నాక మాత్రం కాసేపు మింగలేను. ఆయన నుంచి నాకు మిగిలిందనుకున్నది ఈ నొప్పి ఒక్కటే. పిల్ల నీళ్ళగ్లాసు పట్టుకుని నా మొహంలోకే చూస్తూ ఉంటుంది. మింగుతాను.