సొరుగుకు వీపు తిప్పే మనిషి

మా మావయ్య ఆఫీసులో ఫీజు పుచ్చుకునే పద్ధతి ఒకటుండేది. పని పూర్తయి, పన్ను కాగితాల మీద సంతకాలు అయ్యాక ఆయన కుర్చీలోంచి లేచి, "కాఫీ తాగుతారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెనక గదిలోకి వెళ్లిపోయేవాడు. వచ్చినవాళ్లు బల్ల సొరుగు లాగి, తాము తెచ్చిన కవరు అందులో వేసి మూసేవాళ్లు. సొరుగు కిర్రుమని మూసుకున్నాకే కాఫీ వచ్చేది. ఎవరెంత వేశారో ఆయన చూసేవాడు కాదు. సాయంత్రం కవర్లన్నీ కలిపేసి నా ముందు పడేసేవాడు.

"లెక్కలు రాసేవాడికి వాళ్ల జేబు ఎలాగూ తెలుసు. ఇంకా చెయ్యి కూడా చూడాలిటే?" అనేవాడు.

నేను ఆయన మేనకోడల్ని, ఆఫీసుకు గుమాస్తాని. అద్దె, కరెంటు బిల్లు కట్టాల్సింది నేనే గనక ఈ ధర్మగుణం నాకు మింగుడుపడేది కాదు. ఊరందరి లెక్కలూ సరిచేస్తావు, మన లెక్క దేవుడెరుగు అని మొహం మీదే అనేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

అయినా కార్డు మిషను తెచ్చింది నేను కాదు. మా ఎదురుగా కొత్త అకౌంట్ల ఆఫీసు ఒకటి తెరిచారు. దాని అద్దాల తలుపు మీద కార్డుల బొమ్మల స్టిక్కరు చూసొచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి అన్నం సయించలేదు. "మనం మాత్రం ఎన్నాళ్లు ఇలా కవర్లు పట్టుకుని కూర్చుంటాం?" అన్నాడు. బ్యాంకువాళ్లు మిషను ఇచ్చి వెళ్లగానే దాన్ని కొత్త పెళ్లికొడుకుని చూసుకున్నట్టు చూసుకున్నాడు. ఏ పనికి ఎంత ఫీజో టైపు చేయించి గోడకి అంటించాడు. సొరుగు నిండా మిషనులో వేసే కాగితపు చుట్టలు కుక్కి తాళం వేశాడు. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా!

ఆ వారమే బొత్తాలక్క వచ్చింది. ఆవిడకి మా వెనక వీధిలో కుట్టుపని దుకాణం. ఎవరు ఏ బట్ట రిపేరుకి ఇచ్చినా, ఊడబోతున్న బొత్తం కనబడితే అడక్కుండానే బిగించి ఇస్తుంది, దానికి డబ్బు తీసుకోదు. ఆ పేరు అలా వచ్చింది. దుకాణం పెట్టిన నాటినుంచీ ఆవిడ లెక్కలు మావయ్యే చూస్తున్నాడు.

ఆ రోజు పొద్దున్నుంచీ ఆయన రాసింది ఆవిడ లెక్కలే. బట్టల అంచులు కుట్టే కొత్త మిషను క్రెడిట్ కార్డు మీద కొన్నదనీ, కార్డులో ఇక వాడుకోవడానికి ఏమీ మిగల్లేదనీ నాకు చదివి వినిపించాడు. "పాపం, ఈ ఏడు గట్టెక్కితే చాలు," అన్నాడు కూడా.

సంతకాలయ్యాయి. మందుల షాపాయన, ట్యూషన్లు చెప్పే పంతులమ్మ తమ వంతు కోసం బెంచీ మీద కూర్చుని ఉన్నారు. బొత్తాలక్క సంచిలోంచి కవరు తీసి, అలవాటుగా సొరుగు వైపు చూసింది. మావయ్య లేవలేదు.

"ఇంకా కవర్లేంటమ్మా? కార్డు ఉందిగా, ఇలా ఇవ్వండి," అన్నాడు, బెంచీ దాకా వినబడేలా.

"ఇందులో తెచ్చానండీ..."

"అబ్బే, ఒక్క నిమిషం. ఎంత సులువో మీరే చూద్దురుగాని."

పెద్దాయన మాట కాదనలేక ఇచ్చింది. ఆయన గోడ వైపు చూసి పూర్తి ఫీజు నొక్కాడు. మిషను కాసేపు ఊరుకుని, కీచుమంది. "కార్డు చెల్లలేదంటోందే!" అని పైకే చదివాడు మహానుభావుడు. అంతటితో ఆగాడా? సిగ్నలు లేదేమోనని మళ్లీ పెట్టాడు. మళ్లీ కీచుమంది. మందుల షాపాయన గోడ మీది క్యాలెండరు చూడసాగాడు. పంతులమ్మ తల దించుకుంది.

బొత్తాలక్క కార్డు తీసుకుని, కవరు బల్ల మీద పెట్టింది. "మిగతాది తర్వాత ఇస్తానండీ," అని వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో ఆవిడ ఆ మాట అనాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ సాయంత్రం మావయ్య తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"మర్చిపోయుంటావులే," అన్నాను, చూడలేక.

"మర్చిపోలేదే. ఆ కార్డులో ఏమీ లేదని నా చేత్తో నేనే రాశాను. తెలిసి నొక్కాను. ఆ క్షణాన నాకు మనిషి కనబడలేదు, మిషనే కనబడింది."

రెండ్రోజుల తర్వాత బొత్తాలక్క దగ్గర్నుంచి ఫోన్. "ఆయనకి ఇబ్బందెందుకులే అమ్మా. డబ్బు సర్దుబాటు కాగానే మిగతాది ఇచ్చి, నా ఫైలు తీసుకెళ్లిపోతాను," అంది. కొత్త కుట్టుమిషను రసీదు జతచేస్తే గాని ఆవిడ పన్ను రిటర్ను పూర్తికాదని సంతకాల రోజే చెప్పాం. ఆ మాట గుర్తుచేసేలోపే పెట్టేసింది. నేను చెప్పింది విని మావయ్య మొహం మాడిపోయింది.

"వెళ్లి తప్పయిందని చెప్పు," అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని వెళ్లనే?"

మర్నాడు చూద్దును కదా, వెనక గదిలో తన కోటు లోపలి గుడ్డని రెండు చేతులా పట్టి చింపుతున్నాడు. నన్ను చూసి దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు. "పద, కోటు కుట్టించుకొద్దాం," అన్నాడు. నవ్వొచ్చింది, జాలేసింది. బొత్తాలక్క ఫైలు చంకన పెట్టుకుని వెంట వెళ్లాను.

దుకాణంలో ఇద్దరు ఆడవాళ్లు కొలతల కోసం కూర్చుని ఉన్నారు. మావయ్య గడపలోనే మొదలుపెట్టాడు. "అమ్మా, ఆ రోజు మీ కార్డు..."

"కోటు ఇటివ్వండి," అందావిడ చప్పున, ఆ ఆడవాళ్ల వైపు ఓ చూపు చూసి. మావయ్య నాలుక కరుచుకున్నాడు. క్షమాపణ పేరుతో ఆవిడ పరువు మళ్లీ పదిమందిలో తియ్యబోయాడు మరి.

చిరుగు చూసి, "చిరిగిందా, చింపారా?" అంది మెల్లిగా. ఆవిడ శ్రద్ధగా కుట్టింది. కుట్టాక చేతి దగ్గర వదులైన బొత్తం బిగించింది. తర్వాత డబ్బాలోంచి కొత్త కుట్టుమిషను రసీదు తీసి, నా చంకలోని ఫైల్లో పెట్టి, "ఇది తగ్గిందిగా మీకు. పని కానివ్వండి," అంది.

మావయ్య కళ్లు చెమర్చాయి. "ఎంతమ్మా?" అన్నాడు పర్సు తీసి.

ఆవిడ లేచి, కుట్టుమిషను బల్ల సొరుగు సగం లాగి వదిలేసింది.

"కాఫీ తాగుతారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఆయన పర్సు పట్టుకుని ఆ సొరుగు ముందు అలాగే నిలబడ్డాడు. "ఎంత వెయ్యాలే?" అన్నాడు నాతో. నేను గోడ వైపు తిరిగాను. వెనక నుంచి సొరుగు మూసిన చప్పుడు ఎంతకీ రాలేదు. లోపల్నుంచి కాఫీ కూడా రాలేదు.