ఏ బొటనవేలు?

బూట్లు కుట్టే మేస్త్రీ కొయ్య అచ్చు మీంచి బూటు ఊడదీసి, ఒళ్లో పెట్టుకుని, లోపలికి ఎడమచెయ్యి పోనిచ్చి తడిమాడు.

వెనకటికైతే ఆ పని కుడిచేతి బొటనవేలిది. తోలు కోసే మిషను దాని కొసను మింగేసింది. డాక్టర్లు ఆయన కుడికాలి బొటనవేలి నుంచి కాస్త కండా చర్మమూ నరంతో సహా తీసి అక్కడ అతికించారు. వేలు బతికింది. కానీ కొత్తల్లుడిలా ఇంట్లో ఉందే తప్ప, పని చెప్పడానికి ఆయనకు మొహమాటం.

"మళ్లీ ఎడమచెయ్యేనా?" కుట్టుమిషను దగ్గర్నుంచి భార్య అడిగింది.

"కుడిదాని మీద నమ్మకం కుదరట్లేదే."

"కాలు మీద కాలేసుకుని కూర్చునే మగాళ్లని చూశాను గానీ, చేతి మీద కాలేసుకున్న మొగుడు నాకే దొరికాడు."

ఆయన నవ్వలేదు. ఆ జోడు రిటైరైన పోస్ట్‌మ్యాన్‌ది. షుగరు వల్ల ఆయన పాదాలకు స్పర్శ పోయింది. బజారులో కొన్న బూటు కరిస్తే తెలియక, పుండు పడి, వేలు తీసేసేదాకా వచ్చి ఎలాగో మానింది. "నా కాళ్లకి తెలీదు మేస్త్రీ. నీ చేతికి తెలియాలి" అని కొలతలిచ్చి వెళ్లాడు. ఆ మాటే మేస్త్రీని కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

ఎడమచేతికి లోపలంతా నున్నగానే తగిలింది. భార్య తడిమి చూసి బాగానే ఉందంది. ఇక మిగిలింది అదొక్కటే. కుడి బొటనవేలు లోపలికి పెట్టి, ముందుభాగం వెంట మెల్లగా జరిపాడు.

చెప్పులో రాయి దూరినట్టు కాలికి ఏదో గుచ్చుకుంది. బూటు పక్కన పెట్టి, చెప్పు విప్పి దులిపాడు. ఏమీ రాలలేదు. చెప్పు తొడుక్కుని మళ్లీ వేలు పెట్టాడు. మళ్లీ గుచ్చుకుంది. ఈసారి బూటు వదలకుండా, చెప్పు విదిలించి పారేసి, ఉత్తకాలు నేల మీద ఆనించాడు. అయినా గుచ్చుకుంటూనే ఉంది.

మిషను ఆగింది. "ఏమైందండీ?"

"బొటనవేలికి ఏదో గుచ్చుకుంటోంది."

"ఏ బొటనవేలికి?"

చెప్పబోయి ఆగిపోయాడు. కాలు నున్నటి గచ్చు మీద ఉంది. వేలు బూటులో ఉంది. కొన్నాళ్లపాటు వేలిని తాకితే కాలిని తాకినట్టు అనిపించవచ్చని ఆసుపత్రిలో చెప్పారు. నరానికి ఇల్లు మారింది గానీ అడ్రసు ఇంకా పాతదే.

ఆ చోట గుర్తు పెట్టి లోపలి తోలు విప్పాడు. దాని కింద, ముందుభాగం బిగువుగా నిలవడానికి పెట్టిన అట్ట అంచు ఒక దగ్గర సరిగ్గా పలచబడలేదు. దారమంత గట్టు. ఇన్నాళ్లూ ఆయన పాత వేలు తోలు ఎలా ఉందో చూసింది. ఈ కొత్తది కాలిది కదా, ఎక్కడ కరుస్తుందో చూసింది.

అంచు చెక్కి, అతికించి, ఆరనిచ్చి, మళ్లీ చూశాడు. కాలు ఊరుకుంది. రెండో బూటులోనూ వేలు పెట్టి, ప్రతి మూలా తిప్పాడు.

సాయంత్రం పోస్ట్‌మ్యాన్ వచ్చి తొడుక్కుని, గుమ్మందాకా నడిచి వచ్చాడు.

"ఎలా ఉన్నాయండీ?"

"నన్నడుగుతావేంటయ్యా? నువ్వే చెప్పాలి."

"కరవవు. అయినా రోజూ విప్పాక పాదాలు చూసుకోండి."

"అంత గట్టిగా ఎలా చెబుతున్నావు?"

మేస్త్రీ వంగి ఆయన బూటు తాడు బిగించి ముడివేశాడు.

"తొడిగి చూశానండీ."