అరిగిన పళ్ళకో పాత ఫోటో

నా ముందు పళ్ళు సగానికి అరిగిపోయాయని నాకు తెలుసు. వయసు అనుకున్నాను. అల్లవరం హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరై, అమలాపురంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. పెళ్ళి చేసుకోలేదు. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. రానురాను నవ్వడమే మానేశాను.

పోయిన వేసవిలో ఒక పన్ను అంచు విరిగి అన్నంలో వచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. డాక్టరమ్మది చిన్న వయసే. చిన్న అద్దంతో పళ్ళ వెనక వైపు చాలాసేపు చూసి, పుల్లటి త్రేన్పులు వస్తాయా, పడుకుంటే గొంతులోకి పులుపు ఎగదన్నుతుందా అని అడిగింది.

"ఆయ్, ఏళ్ళ తరబడి వస్తున్నాయండీ" అన్నాను.

"ఇది వయసు కాదండీ. కడుపులో ఆమ్లం పైకొచ్చి పళ్ళని తినేసింది. ముందు అది తగ్గాలి, అప్పుడు పళ్ళు కడదాం."

ఇంట్లో ఎవరూ గమనించలేదా అని కూడా అడిగింది. ఎవరూ లేరని చెప్పాను.

కడుపు డాక్టరు మాత్రలు రాసి, చీకటి పడకముందే తినమన్నారు. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకున్నాను. మూడు నెలలకు పులుపు తగ్గింది. అప్పుడు డాక్టరమ్మ, పళ్ళు అసలు ఎంత పొడవుండేవో తెలియాలి, నవ్వుతూ దిగిన పాత ఫోటో తెమ్మంది.

ఇల్లంతా వెతికాను. దొరికిన ఫోటోలన్నిట్లోనూ నోరు మూసుకునే ఉన్నాను. టీచరు ట్రైనింగులో నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలి దగ్గర ఒకటుందని గుర్తొచ్చింది. ఆమెది ముమ్మిడివరం. నాలుగేళ్ళుగా మాటల్లేవు. ఆమె కూతురి పెళ్ళిలో నేను నవ్వలేదు, ఫోటోకి నిలబడలేదు, తింటే మంటని భోజనం చేయకుండా వచ్చేశాను. ఆ తర్వాత ఆమె ఫోన్లు ఆగిపోయాయి. ఎందుకని నేనూ అడగలేదు.

బస్సెక్కి వెళ్ళాను. సంగతి చెప్పి, నోరు తెరిచి చూపించాను. ఆమె నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"మా సంబంధం నీకు నచ్చలేదేమో అనుకున్నానే. ఆవిడెందుకలా ముభావంగా ఉన్నారని మా వియ్యపురాలు కూడా అడిగేరు. ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

"సిగ్గేసింది" అన్నాను.

బీరువాలోంచి ఫోటో తీసింది. హాస్టలు మెట్ల మీద ఇద్దరం. నేను పగలబడి నవ్వుతున్నాను. దేనికి నవ్వానో ఆమెకీ గుర్తులేదు.

రెండు రోజులు, ఒక్కో పూటంతా ఆ కుర్చీలో వాలి ఉన్నాను. డాక్టరమ్మ పంటి రంగు ముద్దను పొరలు పొరలుగా అద్ది, నీలం వెలుతురుతో గట్టిపరిచి, మధ్యమధ్య ఫోటో చూసుకుంటూ ఆకారం తెచ్చింది. చివరికి అద్దం చేతికిచ్చి ఒకసారి నవ్వమంది. పెదాలు కదిపాను. పళ్ళు బాగున్నాయి, అది మాత్రం నవ్వులా లేదు.

"అలవాటవుతుందండీ" అంటూ గ్లవుజులు తీసేసింది.

ఇంటికొచ్చి స్నేహితురాలికి ఫోన్ చేశాను. కూతురింట్లో ఉందట. మనవడు ఏడుస్తున్నాడు, మళ్ళీ చేస్తానంది. చేసింది, వారం తర్వాత. పది నిమిషాలు మాట్లాడుకున్నాం. అప్పటినుంచి ఆదివారాలు చర్చి నుంచి రాగానే ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చుంటున్నాను. కొన్ని ఆదివారాలు మోగుతుంది.