వాపు మాత్ర, వాచిన ముఖం

పెళ్ళిచూపులకు వెళ్ళి, పిల్లను సరిగ్గా చూడకముందే పిల్ల తండ్రి భుజమెక్కిన పెళ్ళికొడుకును నేనొక్కణ్ణే అనుకుంటాను. ఇంకెవరైనా ఉంటే తెలపండి, సిగ్గు చెరిసగం పంచుకుందాం. దీనికి కారణం తెలివి లేకపోవడం కాదు, సగం తెలివి ఉండటం.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. మాది పొదటూరుపేటలో మగ్గాల ఇల్లు. నేను మాత్రం తిరుత్తణిలో ఒక చీరల కొట్లో పనిచేసేవాణ్ణి. ఒకరోజు ఒకావిడ అరక్కు రంగు చీర అడిగింది. అరక్కంటే లక్కలాంటి ముదురు ఎరుపు. నేను కాఫీపొడి రంగు చీర పరిచి, “ఇట్లాంటి అరక్కు చెన్నైలో కూడా దొరకదక్కా” అన్నాను. ఆవిడ చీరను వదిలేసి నన్ను పరిశీలనగా చూసింది. రెండు రోజుల్లో నా కుడికంటికి ఎరుపంతా వెలిసిపోయింది. నేతవాడి కొడుక్కి రంగు తెలియకపోతే ఇక బతుకేముంది? నిజంగానే భయపడ్డాను.

చెన్నైలో డాక్టరమ్మ తనకొచ్చిన తెలుగులో చెప్పింది. “మీ ఒంట్లో కాపలావాళ్ళు దొంగ అనుకొని ఇంటాయన్నే కొడుతున్నారు. కంటి నుంచి మెదడుకు పోయే నరం వాచింది. స్టెరాయిడ్ ఇస్తే వాళ్ళు చల్లబడతారు, వాపు తగ్గుతుంది.”

ముందు సూదులు వేశారు, తర్వాత మాత్రలిచ్చారు. “కన్ను బాగైనా మాత్ర టక్కున ఆపకూడదు. ఇలాంటిది మీ ఒళ్ళే రోజూ కొంచెం తయారుచేసుకుంటుంది. బయట నుంచి వస్తుంటే లోపల ఆ పని మానేస్తుంది. మెల్లగా తగ్గిస్తేనే మళ్ళీ మొదలుపెడుతుంది.”

నేను తల ఊపాను. తల ఊపడంలో నాకెప్పుడూ లోటు లేదు.

కన్ను బాగైంది, ఎరుపు తిరిగొచ్చింది. దానితోపాటు ఆకలీ వచ్చింది. పది ఇడ్లీలు తిని పదకొండోదాని కోసం వంటింటి వైపు చూసేవాణ్ణి. ముఖం నూనెలో వేసిన పూరీలా పొంగింది. అమ్మకు మాత్రం పట్టరాని ఆనందం.

“ఇప్పుడు గదరా మనిషి మాదిరి ఉండావు. నా చేతి కూడు ఇన్నాళ్ళకు ఒంటికి పట్టినాది” అంటూ సెల్లులో ఫోటో తీసి ఎవరికో పంపింది. నేను పట్టించుకోలేదు.

కొద్ది రోజులకే తిరువళ్ళూరు సంబంధం ఖాయమయ్యేలా ఉందని కబురొచ్చింది. పిల్ల పేరు వసంత, మందుల షాపులో పనిచేస్తుంది. వచ్చే శుక్రవారం తిరుత్తణి కొండమీద మురుగన్ గుడిలో చూపులు. నేను అద్దం చూసుకుని నీరుగారిపోయాను. అప్పుడే సగం తెలివి నిద్రలేచింది. ఇది వాపు తగ్గించే మాత్ర. నాకేమో ముఖం వాస్తోంది. కాబట్టి మాత్ర తిరగబడింది. చూశారా, ఎంత చక్కని లెక్కో.

“అమ్మా, ఈ మాత్ర నాకు సరిపడలా. ఆపేస్తా.”

“డాక్టరమ్మను ఒక మాట అడగరాదా?”

“కన్ను బాగైపోయినాది గదా. ఇంకేమి అడిగేది?”

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నాం. నేను ఏటి మధ్యలోనే తగలేశాను.

మాత్ర ఆపిన ఐదో రోజు శుక్రవారం. అప్పటికే ఒళ్ళంతా నొప్పులు, అన్నం చూస్తే వాంతి. అయినా అమ్మనూ వసంతనూ ఆటోలో కొండపైకి పంపి, నా సత్తా చూపడానికి వసంత నాన్నతో మెట్లెక్కాను. సగం దూరంలో మెట్లు రెండేసిగా కనబడ్డాయి. “మామా, రవ్వంత కూర్చుందాం” అన్నట్టు గుర్తు. తర్వాత ఆయన భుజం గుర్తు.

పైన మంటపంలో పడుకోబెట్టారు. వసంత వచ్చి నాడి పట్టుకుంది.

“ఏం మాత్రలు వేసుకుంటా ఉండారు?”

“స్టెరాయిడ్. వేసుకుంటా ఉండినాను.”

“ఉండినారా? ఎవరు ఆపమనింది?”

“నేనే. ముఖం వాచింది గదా, మీరు చూస్తారని.”

ఆమె నవ్వలేదు. “నాయనా, ఆటో పిలువు. ఆస్పత్రికి పోవాల, ఇప్పుడే” అంది. ఆస్పత్రిలో సెలైనూ, నేను వెలేసిన ఆ స్టెరాయిడునే సూదిలోనూ ఎక్కించారు. సాయంత్రానికి లేచి కూర్చున్నాను.

“లోపల ఆ మందు చేసేవోళ్ళు ఇంకా నిద్ర లేవలా. బయటోళ్ళను తరిమేస్తే ఇల్లెవరు చూస్తారు?” అంది వసంత. “ఏదీ, ఎడమ కన్ను మూయండి. నా చీర ఏం రంగు?”

చేత్తో మూసుకున్నాను. ఆ కన్ను మళ్ళీ పాడై ఉంటే అది నా చేతులారా చేసుకున్నదే.

“అరక్కు.”

“బాగా చూసి చెప్పండి.”

“అరక్కే. జరీ అంచులో సన్నంగా పచ్చ గీత.”

అప్పుడు నవ్వింది. మా పెళ్ళిచూపులు అవే.

డాక్టరమ్మ చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించి మాత్రలు ముగించాను. పెళ్ళినాటికి నా పాత ముఖం, లోతు బుగ్గలతో సహా, తిరిగొచ్చింది. పందిట్లో మామ తన సెల్లులోని ఫోటోనూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

“ఏమప్పా, ఈ బుగ్గలు యాడ?”

“అవి మాత్రవి మామా.”

“వాపు చూసి బలుపు అనుకున్నారంటే ఊళ్ళోవాళ్ళను చూసి నవ్వేవాణ్ణి” అని నిట్టూర్చాడు. “ఇప్పుడు నేను పిల్లనే ఇచ్చేసినా.”

అంటే ఏ ముఖం చూసి సంబంధం ఒప్పుకున్నారో, ఆ ముఖాన్ని వదిలించుకోవడానికే నేను ప్రాణం మీదికి తెచ్చుకున్నానన్నమాట.

అందుకే తిరుత్తణి మురుగన్ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. చెప్పేవాళ్ళు చెప్పందే ఏ మందూ ఆపను. నిన్న జలుబు తగ్గింది. ఆవిరి పట్టడం ఆపొచ్చా అని వసంతను అడిగాను. ఆలోచించి చెబుతానంది.