కొరికిన రొట్టె

మమరసూల్ పోయిన ముప్పై మూడో రోజున, మిల్లులో అతని బీరువా ఖాళీ చేసి యోల్దోష్ ఒక సంచి తెచ్చిచ్చాడు. ఇరవై ఆరేళ్లు ఒకే కెటిల్లోని టీ పంచుకు తాగిన మగ్గాల ఫిట్టర్లు వాళ్లిద్దరూ. సంచి అందిస్తూ అతను కళ్లు దించుకున్నాడు. ఆ దించుకోవడం మమరసూల్ భార్య హోసియత్ కళ్లబడనే పడింది.

సంచిలో రెంచీలు, కళ్లజోడు, అడుగున పూలగుడ్డలో మూటగట్టిన నాన్ రొట్టె. ఎండి చెక్కయిపోయింది. అంచున ఎవరో ఒక్క కాటు కొరికి వదిలేశారు.

వాళ్ల ఊరు కోకంద్‌లో దూరం వెళ్లే మనిషి రొట్టె ఒక్క కాటు కొరికి వెళతాడు. మిగిలింది ఇంటిగోడకు వేలాడదీసి, తిరిగొచ్చాక అతని చేతే తినిపిస్తారు. రొట్టె ఉంటే మనిషి వస్తాడు. మరి ఇది ఇంట్లో కాక మిల్లు బీరువాలో ఎందుకుంది? ఎవరి రాక కోసం దాచాడు?

కాటు చిన్నది, ఆడమనిషిదే. పైగా మధ్యలో ఒక పన్ను ముద్ర లేదు. అక్కడ రొట్టె చిన్న మొనలా నిలిచిపోయింది.

మమరసూల్ ఎలాంటి మనిషి! భార్య ఏడాదిపాటు ఆసుపత్రిలో ఉంటే, రెంచీలు తిప్పే చేతులతో ముగ్గురు కూతుళ్లకూ జడలల్లడం నేర్చుకున్నాడు. వాళ్లకు పెళ్లిళ్లయ్యాక కూడా దువ్వెన పట్టుకుని కూర్చోబెట్టేవాడు. చప్పుడు విని ఏ మగ్గానికి ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. పరామర్శకొచ్చిన నేతకత్తెలందరిదీ ఒకటే పాట: అన్నలాంటివాడు, జేబునిండా ఎండుద్రాక్ష తెచ్చి పంచేవాడు. నిన్నటిదాకా ఆ మాటలకు కడుపు నిండేది. ఇప్పుడు అవే మాటలు కడుపులో మంట పెట్టాయి. ఎంతమందికి అన్నో!

సిగ్గుతో రొట్టె ఎవరికీ చూపించలేదు. వచ్చినవాళ్ల ఏడుపులు వినడం మాని పళ్లు చూడసాగింది. నవ్వితే పళ్లు బయటపడతాయని మొగుడి చిలిపి పనుల ఊసు తనే ఎత్తింది. జుమగుల్ అనే నేతకత్తె నోటికి తలగుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది దీని వాలకం, అనుకుంది హోసియత్. మర్నాడు దానికి గట్టి బాదంకాయలు పెట్టింది. మహాతల్లి పటపటా కొరికి అవతల పారేసింది, ముప్పై రెండు పళ్లూ ఉన్నాయి.

చివరికి యోల్దోష్‌నే నిలదీసింది. అతను తలగోక్కుని, "నీకు చెప్పొద్దన్నాడు వదినా," అని జారుకున్నాడు. ఇంకేం కావాలి?

నలభయ్యో రోజు దినం భోజనాలకు పలావు బాన దిగింది. పోయినవాడి వల్ల తన మనసులో ఏ నొప్పీ మిగల్లేదని భార్య ఆ రోజు పదిమందిలో చెప్పాలి. చెప్పకపోతే అతనికి మట్టిలో కుదురుండదంటారు. వీధిపెద్ద అడిగాడు. మళ్లీ అడిగాడు. కూతుళ్లు ఏడుపు మొహాలు పెట్టారు. అప్పుడామె మూట విప్పి అందరిముందూ పెట్టింది.

"ముందు ఇదెవరిదో తేల్చండి. తర్వాత చెబుతా."

ఎనభై దాటిన అత్త బహ్రీ రొట్టె అందుకుని, ఆ మొన మీద బొటనవేలు పెట్టి తడిమింది.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికావటే, పిచ్చిమొహమా! ఆసుపత్రికెళ్లే నాడు నీకు ముందుపన్ను ఉందా? ఆ బంగారు పన్ను కట్టించుకుంది తిరిగొచ్చాకే కదూ?"

హోసియత్ నాలుక తనకు తెలియకుండానే బంగారు పన్నును తాకింది.

"నా రొట్టె నేను తినేశాను అత్తా. టీలో నానబెట్టి ఆయనే తినిపించాడు."

"నీకు తినిపించింది వేరే రొట్టె వదినా, నువ్వు కొరికింది ఇదే," అన్నాడు యోల్దోష్. "జబ్బు తిరగబెట్టొచ్చని డాక్టరు ఆయనకొక్కడికే చెప్పాడు. రొట్టె అయిపోతే, మళ్లీ ఆసుపత్రికెళ్లినప్పుడు నువ్వు దేనికోసం తిరిగొస్తావని ఆయన భయం. పురుగు పట్టకుండా పంతొమ్మిదేళ్లు బాయిలర్ పక్కన ఎండబెట్టుకుంటూ వచ్చాడు."

జుమగుల్ తలగుడ్డలో మొహం దాచుకుంది. ఈసారి నవ్వడానికి కాదు. హోసియత్ రొట్టెను ఒళ్లోకి తీసుకుంది. పళ్లు చూస్తూ గడిపిన ఏడు రోజులూ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. వీధిపెద్ద ఇంకా ఆమె మాట కోసమే చూస్తున్నాడు.

"నాకు ఏ నొప్పీ లేదు పెద్దయ్యా," అంది. "తనే, ఒక్క కాటన్నా కొరక్కుండా వెళ్లిపోయాడు."